అంత హింస మధ్య మనుషుల్లో మంచి ఎలా కనిపించింది? అన్నే ఫ్రాంక్ గురించి అడిగినందుకు

మీ అమ్మాయి, రెండో ప్రపంచయుద్ధంలో నాజీలకు చిక్కకుండా దాక్కున్న యూదు పిల్ల అన్నే ఫ్రాంక్ రాసుకున్న డైరీ చదివి, "ఇళ్లలోంచి జనాన్ని పట్టుకుపోయి చంపుతుంటే, మనుషులు లోలోపల మంచివాళ్లే అని ఆ పిల్ల ఎలా రాసింది? అది అమాయకత్వం కాదా?" అని అడిగిందనీ, మీకు జవాబు తోచలేదనీ రాశారు. ఈ మధ్య యుద్ధాల వార్తలు చూసి చూసి మీకే మనుషుల మీద నమ్మకం సడలుతోందని, ఇలాంటప్పుడు ఆశ ఎలా నిలుపుకోవాలని కూడా అడిగారు. నేను చాలా ఏళ్లు క్లాసులో ఈ చరిత్ర పాఠం చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేసేవారు. వేయాల్సిన ప్రశ్నే అది. కాబట్టి కాస్త పొడుగైనా వివరంగానే రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. అది అమాయకత్వం కాదు. ఆ పిల్లకి తన చుట్టూ ఏం జరుగుతోందో మనకంటే బాగా తెలుసు. ఆమె నమ్మకం గాలిలోంచి పుట్టలేదు, రోజూ మెట్లెక్కి పైకి వచ్చే కొందరు మనుషుల్ని చూసి పుట్టింది. ఆ మనుషుల సంగతి పక్కన పెట్టేసి ఒక్క వాక్యాన్ని పోస్టర్ల మీద అచ్చు వేసుకోవడం వల్లే అది పసిపిల్ల మాటలా వినిపిస్తోంది.

ఆ మాట ఉన్న పేజీ తేదీ 1944 జూలై 15. ఆ పేజీ మొత్తం మీ అమ్మాయితో మళ్లీ చదివించండి. ఆ వాక్యానికి ముందు ఏముంది? తన ఆదర్శాలన్నీ నిజం ముందు పగిలిపోతున్నాయని, వాటిని ఇంకా వదిలిపెట్టకపోవడం తనకే ఆశ్చర్యంగా ఉందని రాసుకుంది. తర్వాత ఏముంది? లోకం మెల్లమెల్లగా ఎడారి అయిపోతోందని, తమను కూడా నాశనం చేయబోయే ఉరుము దగ్గరపడటం తనకు వినిపిస్తోందని, లక్షల మంది బాధ తనకు తెలుస్తోందని. అంటే అటూ ఇటూ చీకటే, మధ్యలో ఆ ఒక్క మాట. రాసి మూడు వారాలు తిరగకుండానే, ఆగస్టు 4న, పోలీసులు వచ్చి అందరినీ పట్టుకుపోయారు.

దానికి రెండు నెలల ముందు, మే 3న రాసిన పేజీ ఇంకా కఠినంగా ఉంటుంది. యుద్ధం కేవలం పెద్దవాళ్ల పని, నాయకుల పని అని తను అనుకోవడం లేదంటుంది. మామూలు మనిషికి కూడా అంతే బాధ్యత ఉంది, లేకపోతే జనం ఎప్పుడో తిరగబడేవాళ్లు అంటుంది. మనిషిలో నాశనం చేయాలనే, చంపాలనే కోరిక ఒకటి ఉందని, మనుషులంతా మారేదాకా యుద్ధాలు ఆగవని రాసింది. పదిహేనేళ్లు కూడా నిండని పిల్ల. ఈ రెండు పేజీలూ రాసింది ఒకే చెయ్యి అని గుర్తుపెట్టుకుంటే, "అమాయకురాలు" అనే మాట ఇక నోటికి రాదు.

సరే, మరి ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది?

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ పక్కన 263 నంబరు భవనం. నెదర్లాండ్స్ అప్పటికి జర్మన్ల ఆక్రమణలో ఉంది. ముందు భాగంలో అన్నే తండ్రి ఓట్టో ఫ్రాంక్ స్థాపించిన ఆఫీసు, కింద గోడౌన్. వెనక భాగంలో 1942 జూలై 6 నుంచి ఫ్రాంక్ కుటుంబం దాక్కుంది, తర్వాత మరో కుటుంబం, ఆ తర్వాత ఒక పళ్ల డాక్టరు వచ్చి చేరారు. మొత్తం ఎనిమిది మంది. ఇప్పుడు ఒక్క లెక్క ఆలోచించండి. ఎనిమిది మందికి రోజూ తిండి కావాలి. ఊళ్లో అన్నిటికీ రేషన్ కూపన్లే, దాక్కున్నవాళ్లకి కూపన్లు ఉండవు. ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ కూరగాయలు, మాంసం చూసుకునేది. బెప్ ఫోస్కౌల్ రొట్టె, పాలు సంగతి చూసేది. మీప్ భర్త యాన్ రహస్య ఉద్యమంలో ఉన్నవాడు, ఆయన ద్వారా కూపన్లు వచ్చేవి. క్లైమన్, కూగ్లర్ అనే ఇద్దరు ఆఫీసు వ్యవహారం నడుపుతూ, కింద గోడౌన్‌లో పనిచేసేవాళ్లకి అనుమానం రాకుండా చూసుకునేవారు. వెనక భాగానికి దారి కనపడకుండా అడ్డంగా పుస్తకాల బీరువా కట్టింది బెప్ నాన్న. క్లైమన్‌కి కడుపులో పుండు, తరచూ రక్తస్రావం. కూగ్లర్ ఈ సంగతి ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు. రెండేళ్లకు పైగా!

ఒక రాత్రి మీప్, యాన్ వాళ్లతో పాటే అక్కడ పడుకున్నారు. ఆ రాత్రంతా తనకు నిద్ర పట్టలేదని, ఆ గోడల మధ్య ఉండే భయం ఎలాంటిదో అప్పుడే అర్థమైందని మీప్ తర్వాత చెప్పింది. మర్నాడు తెల్లారి మళ్లీ కిందికెళ్లి పనిలో కూర్చుంది, మళ్లీ సంచి పట్టుకుని కొట్టుకెళ్లింది. అన్నేకి తెలియని సంగతి ఇంకోటి ఉంది. జర్మన్లకు విధేయత ప్రకటించనన్న ఒక విద్యార్థిని మీప్ దంపతులు అదే సమయంలో తమ సొంత ఇంట్లో కూడా దాచారు, ఆ మాట పైనున్నవాళ్లకి చెప్పలేదు, వాళ్లు ఇంకా టెన్షన్ పడతారని.

1944 జనవరి 28 పేజీలో అన్నే రాసింది సరిగ్గా ఇదే. మేము వాళ్లకి ఎంత భారమో, కానీ ఒక్కసారి కూడా వాళ్ల నోట ఆ మాట రాలేదు, రోజూ పైకి వస్తారు, నవ్వు ముఖంతో కబుర్లు చెప్తారు, పుట్టినరోజులకి పువ్వులు తెస్తారు అని. మనుషులు మంచివాళ్లే అన్న పిల్ల దగ్గర ఇంత సాక్ష్యం ఉంది. మనం టీవీలో బాంబులు మాత్రమే చూసి మనుషుల మీద తీర్పు చెప్తున్నాం. ఆ పిల్ల బాంబుల చప్పుడూ విన్నది, పాలు పట్టుకుని మెట్లెక్కే అడుగుల చప్పుడూ విన్నది.

ఇక్కడ ఆగిపోతే నేను మీకు సగమే చెప్పినట్టు. ఎందుకంటే అదే ఊళ్లో రెండో రకం మనుషులూ ఉన్నారు. 1943లో దాక్కున్న యూదుల్ని వెతికి పట్టించే ముఠా ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసింది, పట్టించిన ప్రతి మనిషికీ ఏడున్నర గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు) ఇచ్చేవారు. చిన్నపిల్లైనా అదే రేటు. వాళ్లు జర్మన్లు కారు, డచ్చివాళ్లే, పక్కవీధి మనుషులే. నెదర్లాండ్స్‌లో ఉన్న సుమారు 1 లక్షా 40 వేల మంది యూదుల్లో 1 లక్షా 7 వేల మందిని రైళ్లెక్కించి నాజీ క్యాంపులకి పంపారు, తిరిగొచ్చింది 5 వేల మంది. ఆ రైళ్లు నడిపినవాళ్లు, లిస్టులు రాసినవాళ్లు, అర్ధరాత్రి తలుపులు కొట్టిన పోలీసులు, వీళ్లలో చాలామంది రాక్షసులేం కాదు, డ్యూటీ చేస్తున్నామనుకున్న మామూలు ఉద్యోగులు. 1941 ఫిబ్రవరిలో యూదుల అరెస్టులకి నిరసనగా ఆమ్‌స్టర్‌డామ్ ట్రామ్ కార్మికులు, రేవు కార్మికులు ఊరంతా బంద్ చేసిన మాట నిజం. దాన్ని వెంటనే అణిచేశారన్నదీ నిజమే, మరుసటి ఏడాదే రైళ్లు బయలుదేరాయన్నదీ నిజమే.

అన్నే వాళ్లని అరెస్టు చేయడానికి వచ్చిన అధికారి కార్ల్ సిల్బర్‌బావర్ ప్రవర్తన చూడండి, ఈ ప్రశ్నకి అది చాలా ముఖ్యం. నగలు, డబ్బు పెట్టుకుపోవడానికి ఒక బ్రీఫ్‌కేసు తీసి అందులో ఉన్న కాగితాలు నేలమీద కుమ్మరించాడు. అవి అన్నే రాసుకున్న కాగితాలు. తర్వాత ఓట్టో పెట్టె ఒకటి కనపడింది, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యంలో అధికారిగా పనిచేసినప్పటి పెట్టె. అది చూడగానే ఆ మనిషి తీరు మారిపోయిందని, సర్దుకోవడానికి కంగారు పడొద్దని అన్నాడని ఓట్టో తర్వాత చెప్పారు. అంటే అతనిలోనూ ఎక్కడో ఒక గౌరవం కదిలింది. కదిలి ఏం చేసింది? సర్దుకోవడానికి కాస్త టైమిచ్చింది, అంతే. అందర్నీ పట్టుకెళ్లాడు. మనిషి లోపల మంచి ఉండటం ఒకటి, అది చేతల్లోకి దిగడం ఇంకొకటి. మీప్‌లో దిగింది, ఇతనిలో దిగలేదు. మీప్ అంతటితో ఆగక, కొన్ని రోజుల తర్వాత తిన్నగా పోలీసు ఆఫీసుకే వెళ్లి, డబ్బు ఇస్తాను వాళ్లని వదిలేయమని అడిగింది. ఫలితం లేకపోయింది, కానీ వెళ్లింది. నేలమీది ఆ కాగితాలు ఏరి, చదవకుండా తన సొరుగులో దాచింది కూడా ఆమె, బెప్ కలిసే. చదివి ఉంటే అందులో ఉన్న పేర్ల వల్ల అందరికీ ప్రమాదమని కాల్చేసి ఉండేదాన్ని అని తర్వాత చెప్పింది.

మంచితనం ఒక్కటే ఉంటే అన్నీ అవే జరిగిపోవు అన్నది కూడా పిల్లలకు చెప్పాలి. 1943 అక్టోబరులో డెన్మార్క్ జనం తమ దేశంలోని యూదుల్ని చేపల పడవల్లో స్వీడన్‌కి దాటించారు, ఏడు వేల మందికి పైగా బతికారు. డెన్మార్క్ వాళ్లు పుట్టుకతో డచ్చివాళ్లకంటే మంచివాళ్లని నేను అనను. స్వీడన్ దగ్గరుంది, రమ్మంది. అరెస్టులు జరగబోతున్నాయని డక్విట్జ్ అనే ఒక జర్మన్ దౌత్యాధికారి ముందే ఉప్పందించాడు. మంచి పని చేయడానికి దారి ఉంది, టైముంది, కబురుంది. నెదర్లాండ్స్ నుంచి పారిపోదామంటే అటు సముద్రం, ఇటు జర్మనీ, దిగువన జర్మన్ల చేతిలోనే ఉన్న బెల్జియం.

ఇప్పుడు ఆశ సంగతి. ఇది మీ రెండో ప్రశ్న, నా దృష్టిలో ఎక్కువ కష్టమైనది ఇదే.

ఆశల్లో రెండు రకాలుంటాయి. ఒకటి తేదీ పెట్టుకున్న ఆశ. "క్రిస్మస్‌కి ఇంటికెళ్లిపోతాం" లాంటిది. మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ స్వయంగా నాజీ క్యాంపుల్లో బందీగా ఉన్నాడు. 1944 క్రిస్మస్‌కి, 1945 కొత్త సంవత్సరానికి మధ్య వారంలో తన క్యాంపులో చావులు బాగా పెరిగాయని, తిండి తగ్గడమో, కొత్త రోగమో కారణం కాదని, పండక్కి ఇంటికి చేరతామని పెట్టుకున్న ఆశ కూలిపోవడమేనని అక్కడి డాక్టరు అనుకున్నాడని ఆయన రాశాడు. అన్నే వాళ్లకీ ఇలాంటి ఆశ ఉండేది. 1944 జూన్ 6న మిత్రసేనలు ఫ్రాన్స్ తీరం నార్మండీలో దిగగానే గోడమీద మ్యాపు పెట్టి, సేనలు ముందుకొచ్చినకొద్దీ గుండుసూదులు గుచ్చుతూ పోయారు. సెప్టెంబరు, అక్టోబరుకల్లా మళ్లీ స్కూలుకి వెళ్లొచ్చేమో అని అన్నే సంబరపడింది. ఆ సెప్టెంబరులోనే వాళ్లని పోలండ్‌లోని నాజీ క్యాంపు ఆష్విట్జ్‌కి తీసుకుపోయారు.

రెండో రకం ఆశకి తేదీ ఉండదు, పని ఉంటుంది. ఆ ఎనిమిది మంది ఆ గదుల్లో చదువుకున్నారు. బెప్ తన పేరు మీద షార్ట్‌హ్యాండ్ కోర్సు తెప్పిస్తే పిల్లలు దాన్ని చదివారు. లండన్ నుంచి డచ్ మంత్రి ఒకాయన 1944 మార్చి 28న రేడియోలో, యుద్ధకాలపు డైరీలు, ఉత్తరాలు సేకరిస్తామని ప్రకటిస్తే, అన్నే తన డైరీ మొత్తం మొదటినుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. అరెస్టయ్యేదాకా ఆ పని ఆపలేదు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో ఆమె చేతిలో లేదు. రేపు పొద్దున ఏ పేజీ తిరగరాయాలో ఆమె చేతిలో ఉంది. ఆశతో ఉండటం అంటే ఎప్పుడూ ధైర్యంగా ఉండటమని కూడా అనుకోవద్దు. తమకి కూరగాయలు అమ్మే వ్యాపారి తన ఇంట్లో ఇద్దరు యూదుల్ని దాచాడని అరెస్టయినప్పుడు, 1944 మే 26న, అసలు దాక్కోకుండా అప్పుడే చచ్చిపోయుంటే ఈ బాధా ఉండేది కాదు, ఇంతమందిని ప్రమాదంలో పెట్టేవాళ్లమూ కాదు కదా అని రాసింది. వెంటనే, కాదు, బతకాలనే ఉంది అనీ రాసింది. రెండూ ఒకే రోజు.

"క్యాంపుకెళ్లాక కూడా ఆ మాటే అనేదా?" మీ అమ్మాయి ఇది కూడా అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. ఆమె తరఫున ఎవరూ జవాబు చెప్పకూడదు. అక్కడ ఆమె రాసింది ఏదీ మిగల్లేదు. ఆ ఒక్క వాక్యాన్ని మనల్ని మనం ఓదార్చుకోవడానికి వాడుకుని పుస్తకం మూసేయడం నాకు ఎప్పుడూ తప్పుగానే అనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్ల ఆష్విట్జ్ నుంచి తరలించాక, 1945 మొదట్లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్‌లో, టైఫస్ జ్వరం చెలరేగిన ఆ చలిలో, అక్క తర్వాత చనిపోయింది. ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం ఆ క్యాంపుకి చేరింది. ఇది కూడా కథలో భాగమే, దీన్ని తీసేసి ఆశ గురించి మాట్లాడకూడదు.

కానీ అక్కడ జరిగిన ఒక సంగతి మనకి తెలుసు. అన్నే చిన్ననాటి స్నేహితురాలు హానా గోస్లర్ అదే క్యాంపులో, గడ్డి కుక్కిన ముళ్లకంచెకి అవతలి వైపు ఉంది. ఇద్దరూ చీకట్లో కంచెకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నారు, ఒకరికొకరు కనపడరు. అమ్మానాన్నలు ఇక లేరనుకుని, ఆకలిగా ఉందని అన్నే ఏడ్చింది. హానా తన బరాక్‌కి వెళ్లి చెప్తే, అక్కడున్న ఆడవాళ్లు, వాళ్లూ పస్తులున్నవాళ్లే, తలా కొంచెం ఇచ్చారు. అదంతా మూటకట్టి హానా కంచె మీదుగా విసిరింది. అవతల ఇంకో ఆడమనిషి ఆ మూట లాక్కుని పారిపోయింది, అన్నే కేకలు వినపడ్డాయి. హానా మళ్లీ ప్రయత్నించింది. రెండోసారి విసిరినది అన్నేకి అందింది.

ఈ సంఘటన మీద నేను చాలాసార్లు ఆలోచించాను. మూట లాక్కున్న ఆవిడని చెడ్డదని అనడానికి నాకు మనసొప్పదు, ఆవిడకీ ఆకలే. ఆకలి అందర్నీ ఒకేలా మార్చేస్తుందన్న మాట మాత్రం ఇక్కడ నిలబడలేదు. తమ దగ్గరున్న ఎండు రొట్టెలోంచి ముఖం కూడా తెలియని పిల్లకి తుంచి ఇచ్చిన ఆడవాళ్లు కంచెకి ఇవతల ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకి తెలియవు.

ఆష్విట్జ్‌లో బందీగా ఉన్న ఇటలీ రచయిత ప్రిమో లేవీకి, బందీ కాని, అక్కడ పనికి వచ్చిన లొరెంజో పెర్రోనే అనే తాపీమేస్త్రి ఆరు నెలల పాటు రోజూ తన సూప్‌లోంచి కొంత తెచ్చిచ్చాడు. ఒక అతుకులేసిన బనియన్ ఇచ్చాడు, లేవీ తరఫున ఇంటికి కార్డు రాసి పంపాడు, ఏమీ ఆశించలేదు, ఇస్తానన్నా తీసుకోలేదు. తాను ప్రాణాలతో బయటపడటానికి ఆ సూప్ కంటే పెద్ద కారణం, ఇంకా మంచితనం అనేది బయట ఒకటి ఉందని ఆ మనిషి గుర్తుచేస్తూ ఉండటమేనని లేవీ నమ్మాడు. ఇక్కడా కథ సుఖాంతం కాదు. చూసినవన్నీ లొరెంజోని లోపల తినేశాయి, తాగుడికి పడి, బతకాలన్న కోరికే చచ్చిపోయి 1952లో పోయాడు. మంచి చేసినవాళ్లకి కూడా అది ఎంత ఖరీదు పడుతుందో మనం తక్కువ మాట్లాడుకుంటాం.

హింసకి గురైనవాళ్లని "క్షమించండి, మంచి చూడండి" అని బయటివాళ్లు అడగడం మాత్రం సరికాదు. అన్నే ఆ మాట తనంతట తాను రాసుకుంది, ఎవరూ ఆమెని అడగలేదు. కోపంతో, అపనమ్మకంతో మిగిలినవాళ్లు ఆమెకంటే తక్కువవాళ్లేం కాదు, వాళ్లకా హక్కుంది. మంచి కనపడేలా చేయాల్సిన బాధ్యత మూట విసరగలిగే స్థితిలో ఉన్నవాళ్లది.

వార్తల గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. ఎంతమంది పోయారన్న లెక్కతో పాటు, అదే చోట ఎవరు ఎవరికి నీళ్లిస్తున్నారు, ఏ డాక్టరు వదిలి వెళ్లనన్నాడు, ఏ కుటుంబం ఎవరికి చోటిచ్చింది అన్నది కూడా పనిగట్టుకుని వెతికి చదవండి. బాధ తగ్గడానికి కాదు, తగ్గదు. జరుగుతున్నదంతా తెలియాలంటే అది కూడా తెలియాలి. మీకు చేతనైన సాయం ఏదైనా ఉంటే, డబ్బో, పనో, పక్కింట్లో ఒంటరిగా పడి ఉన్న వలస కుటుంబాన్ని పలకరించడమో, అది ఈ వారమే చేయండి. ఊరికే చూస్తూ కూర్చున్నవాళ్లకే నిరాశ త్వరగా పట్టుకుంటుందన్నది నా అనుభవం.

మీ అమ్మాయితో మాత్రం డైరీని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకండి. 1944లోని నాలుగు పేజీలే తీసుకోండి: జనవరి 28, మే 3, మే 26, జూలై 15. ఈ వరుసలోనే, ఇద్దరూ కలిసి, ఒకే రోజు కాకుండా కాస్త ఎడం ఇచ్చి చదవండి. ఒక్కో పేజీ అయ్యాక "ఈ రోజు ఆ ఇంటికి ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, దొరికిపోతే వాళ్లకేమయ్యేది" అని మాత్రం అడగండి. కూగ్లర్, క్లైమన్‌లని కూడా ఆ రోజే అరెస్టు చేసి క్యాంపుకి పంపారని, ఇద్దరూ బతికి బయటపడ్డారని అప్పుడు చెప్పొచ్చు. నాలుగో పేజీ దగ్గరికి వచ్చేసరికి అది అమాయకత్వమా కాదా అన్నది తనే తేల్చుకుంటుంది, మీరు చెప్పనక్కర్లేదు. కాదు, ఇప్పటికీ అమాయకత్వమే అంటే, ఎందుకంటోందో అడిగి ఇక్కడ రాయండి, నేను తప్పకుండా చదువుతాను.